1020 ఎక్కణ్నుంచి వచ్చింది? కోడింగ్‌లో కొత్తవాళ్లు, వాళ్లడిగే ప్రశ్నలు

"అర్జెంట్. కోడ్ పనిచేయట్లేదు. ఎవరైనా హెల్ప్ చేయండి ప్లీజ్."

ప్రోగ్రామింగ్ సందేహాలు అడిగే ఏ ఆన్‌లైన్ గ్రూపులోకి వెళ్లినా రోజూ కనబడే మెసేజ్ ఇది. కింద ఫోన్‌తో తీసిన స్క్రీన్ ఫొటో ఒకటి ఉంటుంది, కాస్త వంకరగా, మీద లైటు పడి సగం లైన్లు తెల్లబోయి. గంట తర్వాత అదే మనిషి "ఎవరూ లేరా?" అంటారు. చూసినవాళ్లు చాలామందే ఉంటారు, జవాబిచ్చినవాళ్లు ఉండరు. ఉంటే గింటే "ఫొటో వద్దు, కోడ్ పెట్టండి" అని పొడిగా ఒక్క ముక్క.

అడిగినవాళ్లకు ఆ మౌనం పొగరులా కనబడుతుంది. చూసినవాళ్లకు ఆ మెసేజ్ బద్ధకంలా కనబడుతుంది. నేను కొన్నాళ్లు అడిగే వైపు, తర్వాత చాలాకాలం జవాబిచ్చే వైపు ఉన్నాను. పొగరూ బద్ధకమూ అసలు లేవని అనను. కానీ ఎక్కువసార్లు జరిగేది వేరే. ప్రోగ్రామింగ్‌లో ఒక సందేహాన్ని సరిగ్గా అడగాలంటే దాని జవాబు సగమైనా తెలిసుండాలి. ఆ సగం తెలియకే కదా మనిషి అడగడానికి వచ్చింది. ముడి పడేది అక్కడే.

ఒక ఉదాహరణ పట్టుకుందాం. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవడం మొదలుపెట్టి రెండు వారాలైన ఒకమ్మాయి ఉందనుకోండి. రెండు సబ్జెక్టుల మార్కులు అడిగి, వాటిని కలిపి టోటల్ చూపించే చిన్న ప్రోగ్రామ్ రాసింది. రన్ చేసి మొదటి మార్కు 10 అని కొట్టింది, రెండోది 20. రావాల్సింది 30. వచ్చింది 1020.

ఆమె కుర్చీలో కూర్చుని చూడండి. ఎర్రర్ ఏమీ రాలేదు. ప్లస్ గుర్తు ఉండాల్సిన చోటే ఉంది. కంప్యూటర్‌కు కూడిక రాదని అనుకోలేం. 1020ని కాసేపు తేరిపార చూస్తే ఒక సంగతి తట్టింది: ఇందులో 10 ఉంది, 20 కూడా ఉంది, కాకపోతే ఒకదానికొకటి అంటుకుపోయాయి. విడదీస్తే సరిపోతుంది కదా! అలా అనుకుని గ్రూపులో అడిగింది: "పైథాన్‌లో 1020ని మధ్యకు విడగొట్టి 10, 20 చేయడం ఎలా?"

తెలివితక్కువ ప్రశ్నేం కాదిది. కళ్లముందున్న ఆధారాన్ని బట్టి చేసిన ఊహే. చిక్కేమిటంటే, దీనికి జవాబు చటుక్కున దొరుకుతుంది. ఎవరో ఒకాయన రెండు నిమిషాల్లో "మొదటి రెండు అక్షరాలు ఇలా తీసుకో, మిగతా రెండు అలా తీసుకో" అని రాసిచ్చేస్తాడు. ఆమె ఆ లైన్లు అతికిస్తుంది. 10 విడిగా, 20 విడిగా వచ్చేస్తాయి. సంతోషంగా వాటి మధ్య ప్లస్ పెడుతుంది. మళ్లీ 1020.

ఇప్పుడు చూడండి తమాషా. "మీరు చెప్పింది పనిచేయలేదండీ" అని ఆమె రాస్తుంది. "విడగొట్టమన్నావు, విడిపోయాయి కదా, ఇంకేంటి?" అని ఆయన. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఇద్దరికీ ఒళ్లు మండుతోంది. మూడో మనిషి వచ్చి "అసలు నువ్వు ఏం చేద్దామనుకుంటున్నావు?" అని అడుగుతాడు. ఈ మొత్తం సంభాషణలో పనికొచ్చే మాట అదొక్కటే, కానీ అప్పటికే చిరాకులో ఉన్నామెకు అది "నీకేం తెలుసని వచ్చావు" అన్నట్టు వినబడుతుంది.

అసలు కథ ఇదీ. పైథాన్ 3లో ఇన్‌పుట్ అనే ఫంక్షన్ (ఒక పని చేసిపెట్టే రెడీమేడ్ కోడ్) మనం కీబోర్డు మీద ఏం కొట్టినా దాన్ని అక్షరాలుగానే పట్టుకొస్తుంది. మనం కొట్టింది పది అనే సంఖ్య. దాని చేతికి వచ్చింది ఒకటి, సున్నా అనే రెండు గుర్తులు. రెండు సంఖ్యల మధ్య ప్లస్ పెడితే కూడిక, రెండు అక్షరాల వరసల మధ్య పెడితే అతుకు. అందుకే 10 పక్కన 20 వచ్చి అంటుకుంది. విడదీసినా అవి అక్షరాలే కాబట్టి మళ్లీ అంటుకున్నాయి. తీసుకునేటప్పుడే ఇంట్ అనే ఫంక్షన్‌తో సంఖ్యగా మార్చేస్తే 30 వస్తుంది. ఒక్క మాట పని.

దీనికి ప్రోగ్రామర్లు ఎక్స్‌వై ప్రాబ్లమ్ అని పేరు పెట్టుకున్నారు. నాకు ఎక్స్ కావాలి, దానికి వై దారి అనుకున్నాను, వైలో ఇరుక్కుని వై గురించే అడుగుతున్నాను. ఎక్స్ సంగతి నోరెత్తి చెప్పలేదు. ఎదుటివాళ్లు వైకి జవాబు చెబుతూ పోతారు, నేను దూరం జరుగుతూ పోతాను. కొత్తవాళ్లే ఇలా చేస్తారని నవ్వుకోనక్కర్లేదు, పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లూ చేస్తారు. కాకపోతే మూడో మనిషి అడగగానే వాళ్లకు వెలుగుతుంది.

"కానీ నేను పాఠంలో ఉన్నది ఉన్నట్టే కొట్టాను" అంటుంది ఆమె. ఈ మాట విని నవ్వేసేవాళ్లున్నారు. నవ్వకండి, అది అక్షరాలా నిజం కావచ్చు. పాత వెర్షన్ పైథాన్ 2లో ఇన్‌పుట్ ఇలా ఉండేది కాదు. కొట్టినదాన్ని కోడ్‌లాగే లెక్కగట్టి ఇచ్చేది, 10 కొడితే సంఖ్యే చేతికొచ్చేది. అవే లైన్లు పైథాన్ 2లో 30 చూపిస్తాయి, పైథాన్ 3లో 1020 చూపిస్తాయి. పైథాన్ 3 వచ్చింది 2008 డిసెంబర్‌లో. పాతదానికి అధికారికంగా మద్దతు ఆగింది 2020 జనవరి 1న. పదకొండేళ్ల పైచిలుకు రెండూ పక్కపక్కనే నడిచాయి, ఆ కాలంలో రాసిన పాఠాలు ఇంకా నెట్‌లో ఉన్నాయి. "నీది ఏ వెర్షన్?" అని అడిగేవాళ్లు ఫారం నింపిస్తున్నట్టు అనిపించొచ్చు గానీ, ఒక్కోసారి జవాబంతా ఆ ఒక్క అంకెలో ఉంటుంది.

ఇదంతా కొత్తమనిషికి ఎలా తెలుస్తుంది? వెర్షన్ అనేది చెప్పాల్సిన విషయమని తెలియాలన్నా ముందు ఒకసారి దానివల్ల దెబ్బతిని ఉండాలి.

తెలిసినవాడి చిక్కు

ఇక ఆవలి వైపు. 1990లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఎలిజబెత్ న్యూటన్ తన పీహెచ్‌డీ కోసం ఒక ప్రయోగం చేశారు. కొంతమంది అందరికీ తెలిసిన పాటలు మనసులో పాడుకుంటూ ఆ లయను బల్ల మీద వేళ్లతో కొట్టాలి. ఎదుటివాళ్లు అది ఏ పాటో చెప్పాలి. కొట్టేవాళ్లను ముందే అడిగితే సగం మందైనా గుర్తుపడతారని అంచనా వేశారు. మొత్తం 120 పాటలు కొడితే గుర్తుపట్టినవి 3. కొట్టేవాడి చెవిలో వాద్యాలతో సహా పాటంతా మోగుతోంది. వినేవాడికి టకటకమనే చప్పుడు తప్ప ఏమీ లేదు.

"టైప్ చూసుకోండి" అని, అంటే విలువ ఏ రకందో చూసుకోమని, ఒక సీనియర్ రాసే జవాబు అచ్చంగా ఆ బల్ల చప్పుడే. ఆయన తలలో అక్షరాల వరసకూ సంఖ్యకూ ఉన్న తేడా, ఇన్‌పుట్ ఏం తెస్తుంది, ఇంట్ ఏం చేస్తుంది, అంతా ఒకేసారి మోగుతోంది. రెండు వారాల అమ్మాయి ఆ మాట చదివి కీబోర్డు మీద తాను టైప్ చేసినదాంట్లో స్పెల్లింగ్ తప్పులు వెతుక్కుంటుంది. నేనిది కల్పించి చెప్పట్లేదు, నాకు ఎదురైంది. "రెండుసార్లు టైప్ చేసి చూశానండీ, తప్పులేం లేవు" అని ఒకరు వినయంగా జవాబిస్తే, నాకు విషయం వెలగడానికి ఒక నిమిషం పట్టింది.

దీన్నే తిప్పి చూస్తే కొత్తవాళ్ల "పనిచేయట్లేదు" కూడా బల్ల చప్పుడే. వాళ్ల కళ్లముందు స్క్రీన్ మొత్తం ఉంది, ఎదుటివాళ్లకు ఆ ఒక్క మాటే అందింది. ప్రోగ్రామ్ అసలు మొదలే కాలేదా? మొదలై మధ్యలో ఎర్రర్ చూపించి ఆగిపోయిందా? చివరిదాకా వెళ్లి తప్పు జవాబిచ్చిందా? లేక ఆగకుండా తిరుగుతూనే ఉందా? ఒక్కోదానికి వెతకాల్సిన దారి వేరు. "10, 20 ఇచ్చాను, 30 రావాలి, 1020 వస్తోంది" అన్న ఒక్క వాక్యం ఉంటే చాలు, కొంచెం తెలిసినవాళ్లు కోడ్ చూడకుండానే పట్టేస్తారు. ఏం ఇచ్చాను, ఏం రావాలి, ఏం వచ్చింది. ఈ మూడూ చెప్పడానికి ప్రోగ్రామింగ్ రావాల్సిన పనిలేదు. అందుకే కొత్తవాళ్లను నేను కచ్చితంగా ఆశించేది ఈ మూడే. మిగతావి వచ్చినప్పుడు వస్తాయి.

ఫొటోల గొడవ కూడా ఇక్కడే తేల్చేద్దాం. ఫొటోలో ఉన్న కోడ్‌ను జవాబిచ్చేవాళ్లు కాపీ చేసుకుని తమ కంప్యూటర్లో రన్ చేసి చూడలేరు. చూడాలంటే మొత్తం మళ్లీ కొట్టుకోవాలి, కొట్టేటప్పుడు మీ తప్పు తెలియకుండానే దిద్దేస్తారు, ఇక అది దొరకదు. పైగా రేపు ఇదే ఎర్రర్ వచ్చిన ఇంకొకరు వెతికితే ఫొటోలో ఉన్నది తేలిగ్గా చిక్కదు. స్క్రీన్ లేఅవుట్ చెదిరిపోయిందంటే ఫొటో పెట్టండి, తప్పులేదు. కోడ్‌కు, ఎర్రర్‌కు మాత్రం అక్షరాలే.

ఎర్రర్ అంటే గుర్తొచ్చింది. మన అమ్మాయి తర్వాత సగటు కోసం ఆ టోటల్‌ను 2తో భాగించబోయింది అనుకోండి. ఈసారి పైథాన్ ఊరుకోదు, నాలుగైదు లైన్లు కక్కి ఆగిపోతుంది. చాలామంది చేసే పనేమిటంటే, పైనుంచి చదవడం మొదలుపెట్టి, ట్రేస్‌బ్యాక్ అనే మాట దగ్గరే టెన్షన్ పడిపోయి, "ఏదో పెద్ద ఎర్రర్ వచ్చింది" అని రాసేయడం. పైథాన్ ఎర్రర్‌ను కింద నుంచి చదవాలి. చిట్టచివరి లైన్లో టైప్ ఎర్రర్ అనీ, భాగహారం గుర్తు స్ట్రింగ్‌కూ (అక్షరాల వరస) ఇంటిజర్‌కూ (పూర్ణ సంఖ్య) మధ్య పనిచేయదనీ ఉంటుంది. దానికి కాస్త పైన ఏ ఫైలు, ఎన్నో లైను అన్నది ఉంటుంది. అంటే 1020 అప్పుడు మౌనంగా దాచిన రహస్యాన్ని ఈ ఎర్రర్ నోరు తెరిచి చెప్పేసింది: నీ టోటల్ సంఖ్యే కాదు అని. ఎర్రర్ వచ్చినందుకు ఆమె నిజానికి సంతోషించాలి. ఎర్రర్ రాని తప్పులే మనిషిని తినేస్తాయి.

కోసుకుంటూ పోతే

జవాబిచ్చేవాళ్లు పదేపదే అడిగేది ఇంకొకటుంది: సమస్యను చూపించే అతి చిన్న కోడ్ పెట్టమని. 140 లైన్ల ప్రాజెక్టు మొత్తం అతికించొద్దు, రెండే లైన్లు పెట్టి మిగతాది దాచేయొద్దు. వేరొకరు ఉన్నది ఉన్నట్టు రన్ చేస్తే అదే తప్పు రావాలి, అందులో అవసరం లేని లైను ఒక్కటీ ఉండకూడదు.

కొత్తవాళ్లకు ఇది గొంతెమ్మ కోరికలా అనిపిస్తుంది. ఏది అవసరమో, ఏది కాదో తెలిస్తే ఇక్కడికెందుకు వస్తాం? నిజమే. కానీ తెలియక్కర్లేదు, కోసి చూడొచ్చు. ఫైలును కాపీ తీసుకోండి. అందులో కింది సగం తీసేయండి. తప్పు ఇంకా వస్తోందా? వస్తే ఆ సగంతో సంబంధం లేదు. పోతే అందులో ఏదో ఉంది, వెనక్కి పెట్టేయండి, మళ్లీ అందులో సగం తీయండి. మన అమ్మాయి ప్రోగ్రామ్‌లో పేరు అడగడం, గ్రేడు లెక్క, రంగుల హెడ్డింగు అన్నీ పోయాక మూడు లైన్లు మిగులుతాయి: ఒక మార్కు తీసుకోవడం, ఇంకో మార్కు తీసుకోవడం, కలిపి చూపించడం. ఆ మూడు లైన్ల ముందు కూర్చుని, ఇన్‌పుట్ తీసేసి నేరుగా 10, 20 అని రాస్తే ఏమవుతుందా అని సరదాకి మార్చి చూస్తుంది. 30 వస్తుంది.

ఆ క్షణం చాలా విలువైనది. తప్పు ప్లస్‌లో లేదు, ఇన్‌పుట్‌లో ఉంది అని ఇప్పుడామెకు తెలుసు. అడిగితే "ఇన్‌పుట్‌తో తీసుకుంటే 1020, నేరుగా రాస్తే 30, ఎందుకు?" అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబివ్వడానికి జనం పోటీపడతారు. అసలు అడగక్కర్లేకుండానే, అదే వాక్యం సెర్చ్‌లో కొడితే దొరికేస్తుంది.

ఆండ్రూ హంట్, డేవిడ్ థామస్ 1999లో రాసిన "ది ప్రాగ్మాటిక్ ప్రోగ్రామర్" పుస్తకం వల్ల రబ్బరు బాతు పద్ధతి ప్రోగ్రామర్ల నోళ్లలో పడింది. బల్ల మీద ఒక బొమ్మ బాతును పెట్టుకుని, కోడ్‌లో ఒక్కో లైను ఏం చేస్తోందో దానికి గట్టిగా చెప్పాలి. చెబుతూ చెబుతూ ఎక్కడో నాలుక కరుచుకుంటాం. నా వరకు బాతు అక్కర్లేకపోయింది, ప్రశ్న రాసే పెట్టే చాలు. వివరంగా రాయడం మొదలుపెట్టి, పంపకుండానే చెరిపేసినవి పంపినవాటికన్నా ఎక్కువే ఉంటాయి.

లైబ్రరీయా, కౌంటరా?

ఇక్కడిదాకా చెప్పింది మనుషుల మధ్య సంగతి. అడిగే చోటు సంగతి వేరే ఉంది. సగం కోపాలు అక్కడ పుడతాయి.

1979లో డ్యూక్ యూనివర్సిటీ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ ఆలోచనగా పుట్టి, మరుసటేడు నడక మొదలుపెట్టిన యూజ్‌నెట్ అనే ఆన్‌లైన్ చర్చావేదికలోనే ఈ గొడవంతా కనబడుతుంది. ఏటా సెప్టెంబర్‌లో కాలేజీల్లో చేరిన కొత్త విద్యార్థులు వచ్చిపడేవాళ్లు. అడిగిందే అడిగేవాళ్లు. పాతవాళ్లు విసుక్కుంటూనే నేర్పేవాళ్లు, ఒకట్రెండు నెలల్లో సర్దుకునేది. తర్వాత ఇంటర్నెట్ కంపెనీలు మామూలు కస్టమర్లకు కూడా దారి తెరిచేసరికి కొత్తవాళ్ల రాక ఏడాది పొడవునా సాగింది. అందుకే 1993 సెప్టెంబర్‌ను ముగియని సెప్టెంబర్ అంటారు. తరచూ వచ్చే ప్రశ్నలన్నీ ఒకచోట రాసిపెట్టి "ముందు అది చదివి రండి" అనే పద్ధతి అలాంటి విసుగులోంచే బలపడింది. 2001లో ప్రోగ్రామర్ ఎరిక్ రేమండ్, రిక్ మోయెన్‌తో కలిసి, తెలివిగా ప్రశ్న అడగడం ఎలాగో ఒక పెద్ద వ్యాసమే రాశారు. అందులో సలహాలు ఇప్పటికీ పనికొస్తాయి. గొంతు మాత్రం గేటు దగ్గర కాపలావాడిది. మొదటిరోజు కొత్తమనిషి చేతిలో ఆ లింకు పెట్టడం నాకెప్పుడూ నచ్చలేదు.

2008 సెప్టెంబర్‌లో జెఫ్ అట్‌వుడ్, జోయెల్ స్పోల్‌స్కీ స్టాక్ ఓవర్‌ఫ్లో అనే ప్రోగ్రామింగ్ ప్రశ్నలూ జవాబుల సైటు మొదలుపెట్టారు. దీని రూపు చూస్తే సందేహాలు తీర్చే కౌంటరులా ఉంటుంది, లోపల నడిచేది లైబ్రరీ. ఒక ప్రశ్న ఒకేసారి ఉండాలి, దానికి మేలైన జవాబు పైకి రావాలి, రేపు సెర్చ్ చేసి వచ్చే వేలమందికి అది ఉపయోగపడాలి. జవాబు రాసేవాడి మనసులో మీరొక్కరే ఉండరు, ఆ వేలమంది కూడా ఉంటారు. అందుకే "నమస్కారం, నేను కొత్త, దయచేసి సాయం చేయండి" అన్న మర్యాద వాక్యాలను ఎవరో వచ్చి తీసేస్తారు. రాసినవాళ్లకు అది అవమానంలా తగులుతుంది. తీసినవాడు పుస్తకం మీద దుమ్ము దులిపాననుకుంటాడు.

పాయింట్ల లెక్క ఇంకో వింత. కొత్త సభ్యుడి ఖాతాలో ఉండేది 1 పాయింటు. చాలాకాలం ఒక జవాబు బాగుందని ఓటేయాలంటే 15 ఉండాల్సి వచ్చేది, వేరేవాళ్ల ప్రశ్న కింద కామెంట్ రాయాలంటే 50. మామూలుగా మనిషి చేసే పనేంటి? తనలాంటి సమస్యే ఉన్న పాత ప్రశ్న కనబడితే "మీకిది తీరిందా?" అని అడగాలనుకునేవాడు. కామెంట్ పెట్టనిచ్చేది కాదు. జవాబు పెట్టె మాత్రం తెరిచే ఉండేది. అక్కడ రాసేవాడు. అది జవాబు కాదని ఎవరో తొలగించేవాళ్లు. స్పామ్‌ను ఆపడానికి పెట్టిన నియమమే అనుకోండి, కానీ లోపలికి వచ్చిన మొదటి గంటలోనే మనిషిని తప్పు చేసేలా తోసేది.

అన్నిటికన్నా మండించేది డూప్లికేట్ ముద్ర. దీని గురించి నా సొంత గోడు ఒకటుంది. చాలా ఏళ్ల కిందట ఒక చోట అడిగాను: సున్నాతో మొదలుపెట్టి 0.1 చొప్పున కలుపుతూ, సరిగ్గా 1 కాగానే ఆగమని లూప్ (అదే పనిని మళ్లీ మళ్లీ చేసే కోడ్) రాశాను, అది ఆగట్లేదు, ఎందుకు? నిమిషాల్లో మూసేశారు. ఇది ఇంతకుముందే అడిగారు అంటూ ఒక లింకు. తెరిచి చూస్తే అందులో లూపే లేదు. 0.1, 0.2 కలిపితే 0.30000000000000004 వస్తోందేమిటని ఎవరో అడిగారు. వీళ్లు నా ప్రశ్న చదవనేలేదని నాకు ఒళ్లు మండింది. ఆ రోజు కంప్యూటర్ కట్టేసి పడుకున్నాను.

వాళ్లు చదివారు. రెండూ ఒకటే. మూడింట ఒక వంతును దశాంశాల్లో రాస్తే 0.333 అంటూ ఎలా తెగదో, పదింట ఒక వంతును కంప్యూటర్ వాడే ద్విసంఖ్యల్లో (0, 1లతోనే రాసేవి) రాస్తే అలాగే తెగదు. ఎక్కడో ఒకచోట కత్తిరించి దాచుకుంటుంది. పదిసార్లు కలిపితే 0.9999999999999999 వస్తుంది, సరిగ్గా 1 రాదు. నా లూప్ 1ని తాకకుండా పక్కనుంచి దాటిపోయి అలా వెళ్తూనే ఉంది. ఇది అర్థమయ్యాక ఆ రెండు ప్రశ్నలూ కవలల్లా కనిపించాయి. అర్థం కాకముందు ఒకటి లూప్ గురించి, ఇంకొకటి కూడిక గురించి. అంటే అది డూప్లికేట్ అని నేను గుర్తుపట్టాలంటే జవాబు నాకు ముందే తెలిసుండాలి. మూసినవాళ్లలో ఒక్కరైనా "నీ లూప్‌లోనూ ఇదే జరుగుతోంది, ప్రతి అడుగులో విలువ ప్రింట్ చేసి చూడు" అని ఒక్క లైను రాసుంటే నాకు రెండు రోజులు కలిసొచ్చేవి. రాయలేదు. కోపం పోయిందనుకున్నాను గానీ, ఇలా రాస్తుంటే ఇంకా కొంచెం ఉన్నట్టే ఉంది.

తమ సైటు కొత్తవాళ్లకు ఆదరంగా లేదని స్టాక్ ఓవర్‌ఫ్లో వాళ్లే 2018 ఏప్రిల్‌లో బాహాటంగా ఒప్పుకున్నారు. గొంతు మార్చుకోవడం ఒక ఎత్తు, లైబ్రరీ కౌంటరుగా మారడం ఇంకో ఎత్తు. రెండోది జరగలేదు, జరగాలని నేను అనను కూడా. ఏది ఏదో తెలిసి వెళ్తే చాలు. వంద మందికి రాగల ప్రశ్న అయితే లైబ్రరీ. "నా కోడ్ ఒకసారి చూసి చెప్పండి" అయితే చాట్ గ్రూపులు, నేర్చుకునేవాళ్ల కోసమే పెట్టిన చోట్లు. చాట్‌లో ఓపిక ఎక్కువ, జ్ఞాపకం తక్కువ. సాయంత్రానికి మీ ప్రశ్నా దాని జవాబూ కొట్టుకుపోతాయి. అక్కడ "పైథాన్ తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడిగి ఎదురుచూడకండి. ఆ మాటకు అవుననడమంటే ఏం వస్తుందో తెలియని పనికి ముందే ఒప్పుకోవడం, ఎవరూ ఒప్పుకోరు. నేరుగా ప్రశ్న పడేయండి. కోడ్ అతికించే ముందు పాస్‌వర్డులు, అలాంటివే ఇతర రహస్య కోడ్‌లు అందులో ఉన్నాయేమో చూసుకోండి. తెలియని మనిషి ఇచ్చిన కమాండ్ ఏం చేస్తుందో తెలుసుకోకుండా కొట్టొద్దు. ఫైళ్లన్నీ తుడిచేసే కమాండ్‌ను మందు అని చెప్పి నవ్వుకునే ఆకతాయిలు ఎప్పటినుంచో ఉన్నారు.

2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ వచ్చాక ఈ కొత్తవాళ్లలో చాలామంది అటు మళ్లారు. వారం తిరక్కముందే దానితో రాయించిన జవాబులను స్టాక్ ఓవర్‌ఫ్లో నిషేధించింది. చూడ్డానికి సరిగ్గా ఉండి తప్పయ్యేవి కుప్పలుగా పడుతుండటమే కారణం. అడిగేవాళ్ల సంఖ్య కూడా ఆ తర్వాత బాగా పడిపోయింది. నాకు ఆశ్చర్యం లేదు. బాట్ విసుక్కోదు, డూప్లికేట్ అనదు, అర్ధరాత్రి రెండింటికీ పలుకుతుంది. మన అమ్మాయి తన మూడు లైన్లు పెడితే ఇంట్ సంగతి వెంటనే చెబుతుంది. కానీ కోడ్ పెట్టకుండా "1020ని విడగొట్టడం ఎలా?" అని మాత్రమే అడిగితే, చక్కగా, మర్యాదగా విడగొట్టడం నేర్పించే అవకాశమే ఎక్కువ. "అసలు నువ్వు ఏం చేద్దామనుకుంటున్నావు?" అన్న ఆ మూడో మనిషి అక్కడ ఉంటాడని నమ్మకం లేదు.

జవాబిచ్చేవాళ్లకు నాదొక విన్నపం. హోంవర్క్ వాసన వస్తే మొత్తం కోడ్ రాసివ్వాలా వద్దా అని ఎప్పుడూ వాదన నడుస్తుంది. నేను రాసివ్వను, అలాగని "నువ్వే ఆలోచించుకో" అని కూడా అనను. ఆ విషయానికి ఉన్న పేరు చెబుతాను. కొత్తవాళ్ల దగ్గర లేనిది తెలివి కాదు, పేర్లు. "అంకెలు అంటుకుపోతున్నాయి" అని వెతికితే ఏమీ దొరకదు, "స్ట్రింగ్‌ను ఇంటిజర్‌గా మార్చడం" అని వెతికితే వద్దన్నా దొరుకుతుంది. నా లూప్ సంగతికి ఫ్లోటింగ్ పాయింట్ అని పేరుందని తెలిశాక మిగతాది నేనే చదువుకున్నాను.

అడిగేవాళ్లకూ ఒకటుంది. జవాబు దొరికాక వెనక్కి వచ్చి ఏం చేస్తే కుదిరిందో రాయండి. ఈమధ్య ఒక ఎర్రర్‌తో తల పగిలిపోతుంటే, అక్షరం పొల్లుపోకుండా అదే ఎర్రర్ ఉన్న ఏళ్ల నాటి ప్రశ్న ఒకటి దొరికింది. వెర్షన్ రాశారు, ఎర్రర్ మొత్తం అతికించారు, కోడ్‌ను ఐదు లైన్లకు కుదించారు. ఎవరూ పలకలేదు. మూడు రోజుల తర్వాత అడిగిన మనిషే చివర్లో ఒక లైను పెట్టి వెళ్లిపోయారు: "ఓకే, దొరికింది. థాంక్స్."